నా మావులో పడని చేపలు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ధవళేశ్వరం దగ్గర కాలవలకు నీళ్లు వదిలారు. నేను రాజమండ్రిలో, చెప్పులు గుమ్మం బయట విడిచి, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కూర్చున్నాను.

మడత బందులు లేకుండా, తనే వంగి తెరుచుకుని నీళ్లని ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వు డిజైన్ చేస్తున్నాను. నిండు దిమ్మ ఇస్తే, కంప్యూటర్ లెక్క కట్టుకుంటూ అక్కర్లేని చోటల్లా కొంచెం కొంచెం చెక్కేస్తుంది. మధ్యాహ్నానికి తెర మీద, నీళ్లలోంచి పైకి వచ్చినట్టు, మొదలు దగ్గర పలచగా, కొసన దళసరిగా ఉన్న బద్దలు తేలాయి.

"ఏంటమ్మా ఇది?" అన్నారు మా ప్రాజెక్టు గైడు.

"మా నాన్న చేపలు పట్టే మావు ఇలాగే ఉండేదండి. వెదురు బద్దల మధ్య నుంచి చేప లోపలికి దూరుద్ది, మళ్లీ బయటికి రాలేదు."

ఆయన వెళ్ళాక, ఎనిమిదేళ్లప్పుడు నేను అల్లిన మావు గుర్తొచ్చింది. మొదలు చెక్కడం కష్టమని కొసలు పలచన చేశాను. ఆ వానాకాలమంతా దాన్నే కాలవలో పెట్టావు. రోజూ ఖాళీగా తెచ్చి, "ఇవాళ కాలవలో చేపల్లేవు తల్లీ" అనేవాడివి. అమ్మ చారు కాచేది.

ఇవాళ నేను అప్పుడు చెక్కిన ఆ బద్దల కొలతల్ని కూడా కంప్యూటర్‌కి ఇచ్చి చూశాను. కొసలు రెండు వైపులకీ వంగాయి. తెరంతా నీలం, అంటే ఆ బద్దలు ఎక్కడా అడ్డుకోవడం లేదు. లోపలికి వచ్చిన చేపలన్నీ తీరిగ్గా ఈదుకుంటూ బయటికి పోతున్నట్టే ఉంది.

కాలవ నిండా చేపలున్నాయి కదా నాన్నా.