రవికాంత్ మ్యాగ్నమ్

సెప్టెంబర్ 6, శనివారం. కమ్మింగ్, అమెరికా.
నిర్ణయం జరిగిపోయింది! ఈ సీజన్‌లో నేనూ, మా అమ్మాయి మైత్రీ జింకల వేటకి వెళ్తున్నాం. వేట శిక్షణ సర్టిఫికెట్లు వచ్చేశాయి. పక్కింటి ఎర్ల్ తన అడవిలో చోటిస్తానన్నాడు. వచ్చే ఆగస్టులో మైత్రి కాలేజీకి వెళ్ళిపోతుంది కాబట్టి మాకు ఇదే ఆఖరి సీజన్. ఆలోచన తనదే. నాన్నతో వెళ్ళాలని దానంతట అదే అడిగింది!
ఇక తేల్చాల్సింది ఒక్కటే. ఏ తూటా? పది నిమిషాల పని.

సెప్టెంబర్ 14
పది నిమిషాలు ఇంకా అవలేదు. స్ప్రెడ్‌షీట్‌లో నలభై రకాల తూటాలు. గాలి, తేమ, ఎత్తు, అన్నీ కాలమ్స్. ఒకటి మరీ పాతది. ఇంకొకటి మరీ ఫ్యాషన్. మూడోది ఆఫీసులో అందరి దగ్గరా ఉంది.
ఎర్ల్‌ని, వాళ్ళ తాత ఇచ్చిన తుపాకీలో ఏ తూటా వాడతావని అడిగాను. "కొట్లో ఏ డబ్బా చవగ్గా ఉంటే అది" అన్నాడు. పాపం, డేటా లేని మనిషి.

సెప్టెంబర్ 21
అద్భుతమైన ఐడియా! వైల్డ్‌క్యాట్! అంటే ఏ కంపెనీ అమ్మని తూటా. ఇత్తడి కేసులు, అంటే తూటాల ఖాళీ తొడుగులు కొని, మెడ నొక్కి, మన కొలతకి మార్చి, తుపాకీ మందు మనమే పోసుకోవాలి. పేరు కూడా నాదే పెట్టేశాను. రవికాంత్ మ్యాగ్నమ్! దీనికి సరిపడే బ్యారెల్, అదే తుపాకీ గొట్టం, ప్రత్యేకంగా చేయించాలట. ఆర్డరిచ్చాను. ఎనిమిది వారాలు.
"జింక వచ్చి బ్రాండ్ అడుగుతుందా?" అంది గిరిజ. భార్యలు సైన్స్‌ని ప్రోత్సహించరు.

సెప్టెంబర్ 30
గరాజ్‌లో కేసులు నొక్కే ప్రెస్ బిగించాను. ముప్ఫై కేసులు మొదలుపెడితే ఇరవై బతికాయి. మెత్తబడాలని పెట్టిన మంటకి మెడలు కాస్త నల్లబడ్డాయి. ముద్దొస్తున్నాయి.
మైత్రి వచ్చి చూసింది. "కూల్, నాన్నా. మనం ఎప్పుడు వెళ్తాం?"
"బ్యారెల్ రాగానే!"

అక్టోబర్ 1, ఆయుధ పూజ
ఘోరం! ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు నా కేసులన్నీ రాత్రంతా చింతపండు పులుసులో నానబెట్టారు. "నల్లగా ఉంటే పూజకి బాగోదని తోమాను అల్లుడుగారూ." ఇత్తడి గులాబీ రంగుకి తిరిగింది. పులుపు దాని బలాన్ని తినేసింది. వాటిని పేలిస్తే ముందు నా మొహం పేలుతుంది.
ఇప్పుడు దేవుడి గదిలో ఇరవై కేసులు, ఇరవై కుంకుమ బొట్లు, ఇరవై అగరొత్తులు. "ఎంత చక్కగా సరిపోయాయో చూశారా!" అన్నారు. దండం పెట్టుకుని వచ్చేశాను.

అక్టోబర్ 18. సీజన్ మొదటి రోజు!
వెళ్ళలేదు. కారణాలు:
1. బ్యారెల్ రాలేదు.
2. కేసులు దేవుడి సేవలో ఉన్నాయి.
3. తేమ.
మైత్రి తెల్లారకముందే వేటగాళ్ళ ఆరెంజ్ వెస్ట్ వేసుకుని కిచెన్‌లో కూర్చుంది. "ఎర్ల్ అంకుల్ గన్ ఇస్తారట. జస్ట్ వెళ్దామా, నాన్నా?"
"మొదటిసారి సరైన తూటాతోనే వెళ్ళాలమ్మా" అన్నాను. వెస్ట్ విప్పేసింది.

నవంబర్ 15
ఫోన్ చేశాను. బ్యారెల్‌కి ఇంకో నాలుగు వారాలట. కొత్త కేసులు మొదలుపెట్టాను.
మైత్రి అడగడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. అబద్ధం. ప్రశాంతంగా ఏమీ లేదు.

నవంబర్ 29
మైత్రి ఎర్ల్‌తో వెళ్ళింది. ఒకే గుండు. జింక పడింది.
ఇంటికి రాగానే నేను అడిగిన మొదటి మాట: "ఎన్ని గజాలు? గుండు బరువెంత?"
"తెలీదు, నాన్నా. అంకుల్ జేబులోంచి తీసి ఇచ్చారు." బూట్లు విప్పింది. "అది పడగానే భయమేసింది. ఏడ్చాను కూడా. నువ్వు ఉండాల్సింది."
సిగ్గేసింది. డేటా అక్కర్లేనంత సిగ్గేసింది.

జనవరి 12
సీజన్ నిన్నటితో అయిపోయింది. బ్యారెల్ ఇవాళ వచ్చింది.

జనవరి 17
కొత్త నిర్ణయం! వసంతంలో టర్కీ కోళ్ళ వేట సీజన్ ఉంది. ఆగస్టు ఇంకా రాలేదు. ఈసారి పరిశోధన లేదు, ప్రెస్ లేదు. మైత్రికి మాటిచ్చాను.

సాయంత్రం 6:00
ఊరికే ఒక చిన్న స్ప్రెడ్‌షీట్ తెరిచాను. మూడే కాలమ్స్. టీ కోసం లేచి వచ్చేసరికి మైత్రి మొదటి వరస నింపేసింది.
తూటా: ఎర్ల్ అంకుల్ జేబులో ఉన్నది. ఎప్పుడు: ఫస్ట్ శాటర్‌డే. ఎవరితో: నాన్న.
కళ్ళు తుడుచుకున్నాను. ఇంతకంటే ఏం కావాలి?
నాలుగో కాలమ్ ఒక్కటి చేర్చి, సేవ్ చేశాను. తేమ.