ప్రార్థనకు గల్లీ ఎందుకు?

చెల్లీ లిదియా,

దేవుని సమాధానం నీకు తోడుండాలి. బీరమ్మ వదిన మా వరండాలోనే ఉంది, ఫోన్‌లో మాట్లాడలేను. ఈ ఉత్తరం నా బిడ్డ ప్రవీణ తెస్తుంది.

నువ్వు మొయినాబాద్‌లో కిరాయికి దిగిన సంగతి నేను చేవెళ్లలో మన స్త్రీల ప్రార్థనలో తప్ప ఎక్కడా చెప్పలేదు. రెండు రోజులకే, నీ వెంటపడేవాడు అక్కడి గేటు ముందు నిలబడ్డాడు. ఆ రోజు ప్రార్థనలో ఉన్న వదిన తమ్ముడికి వాడు దోస్తు.

నువ్వు అక్కడినుంచి ఇల్లు మారావని తెలిసి ఇప్పుడు వదిన, "పిల్ల ఏ గల్లీల ఉంటున్నదే? జర చెప్పు, ప్రార్థన చేస్త" అంటోంది.

"ప్రార్థనకు గల్లీ ఎందుకు వదినా?" అంటే మాట మార్చింది.

వాడి మెసేజ్‌లు అసహ్యమనిపించినా తుడిచేయకు, జవాబూ ఇవ్వకు. తేదీ కనబడేటట్టు స్క్రీన్‌షాట్లు తీసి ప్రవీణకు పంపు. వాడు మళ్లీ కనబడితే ఫోటో తీయడానికి బయటికి రాకు. సోమవారం పోలీస్ స్టేషన్‌కు కలిసి పోదాం.

ఈ ఆదివారం అందరితో మోకరిస్తాను గాని, నీ పేరు మనసులోనే పలుకుతాను.

నీ పెద్దక్క