రెండడుగులు వెనక్కి

మార్చి 3, సోమవారం

ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లకిచ్చే బ్యాడ్జి వచ్చింది. మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. ఫోటోలో ఇప్పుడే దొరికిన దొంగలా ఉన్నాను. అయినా సరే. నా పేరు, నా మొహం, అన్నయ్య ఇంటి అడ్రస్, వార్డు ఆఫీసు ముద్ర. ఫలానావారి భార్య, ఫలానావారి చెల్లెలు అని లేకుండా నా పేరు ఒక్కటే అచ్చవడం నలభై రెండేళ్లలో ఇదే మొదలు.

ట్రైనింగులో టీమ్ లీడర్ రూల్స్ చదివి వినిపించింది. పదింటికి ముందు, ఐదు దాటాక ఏ తలుపూ తట్టకూడదు. అమ్మేవాళ్లు రావద్దని ఎర్ర స్టిక్కర్ అతికించుకున్న గుమ్మం జోలికి పోకూడదు. వద్దు అన్నారంటే ఇంకో మాట లేకుండా కదలాలి. ఇవి మున్సిపాలిటీ రూల్స్. ఆవిడ సొంత రూలు ఒకటుంది. బెల్ కొట్టగానే రెండడుగులు వెనక్కి జరిగి నిలబడాలట. తలుపుకి అతుక్కుని నిలబడితే లోపలివాళ్లకి పీప్‌హోల్‌లోంచి ముక్కొక్కటే కనిపిస్తుందట. ముక్కుని నమ్మి ఎవరూ గడియ తీయరట. నవ్వాపుకోలేకపోయాను.

ఇంటికొచ్చి వదినకి చూపించాను. మీ అన్నయ్య కంట పడకముందే లోపల పెట్టెయ్యమంది.

మార్చి 6, గురువారం

నేను అమ్మేది ఫ్లోర్ క్లీనర్, దాంతోపాటు మాప్. డెమో ఏమిటంటే, వాళ్ల హాల్లో నేనే ఇంత నూనె, ఇంత టీ డికాషన్ ఒలకబోసి, నేనే తుడవాలి. ఇవాళ ఒకావిడ నూనె పడగానే కెవ్వుమంది. తుడిచాక తన మొహం నేలలో చూసుకుని బాటిల్ తీసుకుంది. ఆవిడ పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు.

మా ఆయన ఇంట్లో పదిహేనేళ్లు తుడిచాను. ఒక్క చప్పట వినలేదు. ఆయన ఇంకొకామెతో కాపురం పెట్టాక మాత్రం, నేనెంత ఓర్పుగలదాన్నో అందరూ మెచ్చుకున్నారు.

ఆరింటికి ఇల్లు చేరి బెల్ కొట్టాను. అలవాటైపోయి ఇక్కడా రెండడుగులు వెనక్కి జరిగాను. వదిన తలుపు తీసి, పరాయిదానిలా అలా దూరంగా నిలబడ్డావేంటని అడిగింది. తాళంచెవి ఉంటే బెల్‌తో పనేముంది? డూప్లికేట్ చేయిస్తానని అన్నయ్య నేను ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ అంటూనే ఉన్నాడు.

మార్చి 11, మంగళవారం

అన్నయ్య ఈ కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంట్. ఆయన షటిల్ ఆడే స్నేహితుడి ఇల్లని తెలియక వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని నూనె తుడుస్తుంటే లోపలి గదిలోంచి నవ్వుకుంటూ వచ్చాడు అన్నయ్య. నన్ను చూశాడు. నవ్వు ఆగిపోయింది. చెప్పులేసుకుని వెళ్లబోయాడు. ఎవరో తెలిసినావిడా అని ఆ స్నేహితుడు అడిగితే, అన్నయ్య గుమ్మంలోంచే కాదన్నాడు.

కాదన్నాడు. రాసి చూసుకుంటున్నాను, ఆ మాటే అన్నాడు.

రాత్రి అన్నం తింటూ కంచంతో మాట్లాడాడు. తిండికి లోటు చేశామా, బట్టకి లోటు చేశామా, ఊళ్లో నేలలు తుడవాల్సిన ఖర్మ ఏమిటని. తుడిచినందుకు జీతమిస్తున్నారని నేనూ నా కంచంతోనే చెప్పాను. వదిన మజ్జిగ తేవడానికి లేచి వెళ్లింది. మజ్జిగ బల్ల మీదే ఉంది.

మార్చి 14, శుక్రవారం

కాలనీ అంతా ఎర్రబారింది. ప్రతి తలుపుకీ స్టిక్కర్. అన్నయ్య తన చేత్తో, తన బకెట్‌తో, తన జిగురుతో అతికించాడు. సెలవు పెట్టి మరీ!

ఏ ఇంటివాళ్లకి ఆ ఇంటివాళ్లు వార్డు ఆఫీసుకెళ్లి సంతకం పెట్టి తెచ్చుకుంటేనే ఆ స్టిక్కర్‌కి విలువ. ఆ సంగతి చెప్పాను. ప్రెసిడెంట్‌ని నేను, అందరి మంచీ నాకు తెలుసన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నిజంగా సంతకం పెట్టి తెచ్చింది మాత్రం ఒక్క తలుపుకే. మాదానికి.

మార్చి 17, సోమవారం

మూడో అంతస్తు నర్సు బాటిల్ అయిపోయిందని ఫోన్ చేసింది. స్టిక్కర్ ఉందమ్మా, ఎలా రానని అడిగాను. ఎవడు అతికించాడో వాణ్ణే వచ్చి తుడవమనండి అంది. పిలిస్తేనే కదా వెళ్లాను. నేను బ్యాగు దించేలోపే స్టిక్కర్‌ని గోటితో సగం గీకేసింది. మెట్లు దిగుతుంటే అన్నయ్య ఎదురుపడ్డాడు. పక్కకి జరిగి దారిచ్చాడు. అంత మర్యాద ఎప్పుడూ లేదు. ఎందుకో అనుమానంగా ఉంది.

మార్చి 18, మంగళవారం

నా మీద కంప్లయింట్ పడిందట. ఎల్లుండి విచారణ. నిరూపణైతే బ్యాడ్జి పోతుంది. బ్యాడ్జి పోతే ఉద్యోగం ఉంచలేనని టీమ్ లీడర్ ముందే చెప్పేసింది.

మార్చి 20, గురువారం

పొద్దున వదిన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఎక్కడికని అడిగితే ఏదో మీటింగ్ అంది. నా వైపు చూడలేదు.

వార్డు ఆఫీసులో ఆ తెల్లచొక్కా నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

కంచే చేను మేస్తే అంటారు, అది సామెత అనుకునేదాన్ని.

ముందు నర్సు తలుపు సంగతి తీశాడు. ఆ స్టిక్కర్‌కి సంతకం లేదు, పైగా ఆవిడే పిలిచింది, చెల్లదన్నాడు ఆఫీసర్. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అన్నయ్య గొంతు సవరించుకుని, సంతకమున్న తలుపు కూడా తట్టిందండీ అన్నాడు. మెడలో బ్యాడ్జితో, చేతిలో మాప్‌తో, ఐదు దాటాక, రోజూ. అది మా తలుపేనండీ అన్నాడు.

ఆఫీసర్ పెన్ను కింద పెట్టాడు. ఆవిడ మీ ఇంట్లో ఉండే మనిషే కదా అని అడిగాడు. తన ఇంటి బెల్ తాను కొట్టుకుంటే అది అమ్మకమెలా అవుతుందని అడిగాడు. ఆయనకి కొంచెం నవ్వు కూడా వచ్చింది.

అన్నయ్యకి రాలేదు. అది నా ఇల్లండీ, ఆవిడ ఇల్లు కాదు, ఏదో ప్రస్తుతానికి ఉంటోందన్నాడు. కావాలంటే రాసిస్తానన్నాడు. రాసిచ్చాడు.

అలాగైతే తట్టడం సంగతి అటుంచి, బ్యాడ్జి మీదున్న అడ్రసే తప్పయిందన్నాడు ఆఫీసర్. సొంత అడ్రస్ చూపించేదాకా బ్యాడ్జి ఇక్కడే ఉంచాలన్నాడు. తీసి బల్ల మీద పెట్టాను. తాడు జడలో చిక్కుకుంది. అన్నయ్య అలవాటుగా విడదీయబోయాడు. ముట్టుకోవద్దన్నాను.

అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చాక బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. అదీ వాళ్ల నీళ్లే.

మార్చి 21, శుక్రవారం

నా బట్టలన్నీ ఒక్క పెట్టెలో పట్టేశాయి. వదిన గుమ్మందాకా వచ్చింది, గుమ్మం దాటలేదు.

మార్చి 29, శనివారం

టైలర్ షాపు వెనక గది. నర్సు మాట సాయంతో దొరికింది. మంచం వేస్తే నడవడానికి చోటుండదు, నడిస్తే మంచం పట్టదు. పగలంతా గోడ అవతల మిషన్ చప్పుడు. టైలర్ నా చేతిలో రెండు తాళంచెవులు పెట్టి, ఒకటి పోగొట్టుకుంటారమ్మా, అందరూ పోగొట్టుకుంటారు అన్నాడు. రెండోది ఎవరికివ్వాలో తోచలేదు. రెండూ నా దగ్గరే ఉంచుకున్నాను.

బ్యాడ్జి తిరిగిచ్చారు. ఫోటో అదే దొంగమొహం. అడ్రస్ నాది. ఆఫీసులో స్టిక్కర్ కూడా అడిగి, సంతకం పెట్టి తెచ్చుకున్నాను. మా టీమ్ వాళ్లు చూస్తే తిడతారు. తిట్టనీ. వెళ్లేచోట నాకు వద్దనేవాళ్లుంటే, నాకూ ఒక్కచోటైనా వద్దనే హక్కుండాలి.

ఏప్రిల్ 6, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. స్టిక్కర్ ఉన్నా బెల్ కొట్టాడు. పీప్‌హోల్‌లోంచి ముక్కొక్కటే కనిపించింది.

రెండడుగులు వెనక్కి జరగమన్నాను. జరిగాడు. మాసిన చొక్కా, చేతిలో మెరిసే కొత్త తాళంచెవి. డూప్లికేట్ చేయించానన్నాడు. ఇంటికొచ్చెయ్యమన్నాడు. నలుగురూ అడుగుతుంటే చెప్పుకోలేక చస్తున్నానన్నాడు.

వద్దు అన్నాను.

వద్దన్నాక కదలాలి. కాలనీ అంతటికీ ఆ రూలు అతికించినవాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.