గోడ పక్క చాప

అన్నయ్యా,

నువ్వు మీటింగులో ఉండి ఫోనెత్తడం లేదు, అందుకే మా వంటావిడ చేత ఈ చీటీ పంపుతున్నాను. ఆసుపత్రి కరెంటు కేబులుకి మా క్రెష్ పక్క స్థలం తవ్వుకునే హక్కివ్వడానికి కౌన్సిల్లో నువ్వూ చెయ్యెత్తావు. మంచిపనే, కాదనను. కానీ వాళ్ళు మా గోడని ఆనుకునే తవ్వుతున్నారు. గోడకి నా వేలు పట్టేంత బీట పడింది. ఆపమంటే, "మీ అన్నగారే ఇచ్చారు కదమ్మా" అంటాడు మేస్త్రీ. వాకిలి నిండా మట్టి పోశారు, ఇంతమంది పసివాళ్ళతో ఒక్కదాన్నే ఎలా దాటను? చాపలన్నీ అవతలి గోడకి జరిపాను. నీ కూతురికేమో ఈ బీటపడ్డ గోడకే కాళ్ళు ఆనిస్తేగానీ నిద్ర పట్టదు, ఎత్తుకొచ్చినప్పుడల్లా మళ్ళీ అటే పాకుతోంది. వెంటనే ఆపించు. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు, రెండో చేత్తో దాని కాలు పట్టుకుని రాస్తున్నాను.

నీ చెల్లెలు