ఒకే గిన్నెలో రెండు సీసాలు

అక్కా,

నీ ఉత్తరం అందింది. చెవిలో హోరు తగ్గిందని రాశావు, సంతోషం. అయితే నిన్నూ, పక్కింటి పిన్నిగారినీ మా పరిశోధన నుంచి తీసేశారని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ హోరుకు ఎవరికి తోచిన మందు వాళ్లు ఇస్తారు. పనిచేస్తుందో లేదో తేల్చిన పాపాన ఎవరూ పోలేదు. అది తేల్చడానికే మా ట్రస్టు పుట్టింది. అందుకే సగంమందికి మందు కలిపిన నూనె, సగంమందికి ఉత్త నూనె ఇచ్చాం. ఏ సీసాలో ఏముందో చేత్తో ఇచ్చిన నాకూ తెలియదు. మీరేమో, "ఒకళ్లకి మందొచ్చి ఇంకొకళ్లకి ఉత్త నూనొస్తే ఏం న్యాయం?" అనుకుని రెండు సీసాలూ ఒకే గిన్నెలో పోసి చెరిసగం పంచుకున్నారు. మా డైరెక్టరుగారు ముందు నవ్వారు, తర్వాత తల పట్టుకున్నారు.

నీకు తగ్గింది మందు వల్లో, నూనె వల్లో, పిన్నిగారి కబుర్ల వల్లో ఇక ఎవరూ చెప్పలేరు.

మిగిలింది నాకు పంపుతానన్నావు. నా ఎడమ చెవి ఇంకా మోగుతూనే ఉంది. ఫలితాలు తేలేదాకా ఆగమని అందరికీ చెప్పేవాణ్ణి నేనే. దయచేసి పంపకు.

పంపితే వేసుకుంటాను.

నీ తమ్ముడు