మన మధ్యకొచ్చిన జలుబు

కుంభకోణం,
శుక్రవారం.

పూంగొడీ,

ఫోనైతే మోగనిచ్చి ఊరుకుంటావు, ఉత్తరం విప్పకుండా ఉండలేవని రాస్తున్నాను.

మీ పాప కయల్ జలుబు నాకంటి, రెండేళ్ళ కిందట మార్పించుకున్న నా ఊపిరితిత్తులు పోబోయాయని నువ్వు ఏడుస్తున్నావట. మీ ఆయన చెప్పారు. చెన్నైలో డాక్టరమ్మని నేనే అడిగాను. "వైరస్ బస్సులో అంటిందో, బజార్లో అంటిందో ఎవరు చెప్పగలరు? దాన్ని తరమడానికి లేచిన మీ ఒళ్ళు, ఈ ఊపిరితిత్తుల్ని కూడా పరాయివనుకుని మీద పడింది," అంది.

"రెండేళ్ళు కలిసి కాపురం చేసినా పరాయివేనా?" అన్నాను.

"కొందరు అత్తగార్లు అంతేనమ్మా," అంది.

మందులు గట్టిగా ఎక్కించారు. భయమేసింది, నీ దగ్గర దాపరికమెందుకు. మీ బావకైతే కాఫీ కూడా సహించలేదు. ఇప్పుడు ఊపిరి కొలిచే గొట్టంలో ఊదితే మునుపటి బలం వచ్చేసిందంటున్నారు.

ఆదివారం కయల్‌ని తీసుకురా. ఇద్దరూ మాస్కులు పెట్టుకోండి, వాకిట్లో గాలికి కూర్చుందాం. ఒంట్లో నలతగా ఉంటే మాత్రం ఆ పై వారం రండి, అలగను.

నిన్నటి సంగతి చెప్పాలి. డాబా మీద వడియాలు పెడితే పక్కింటి మేక ఎక్కి తినేస్తోంది. "ఏయ్, పోవే!" అని ఒక్క కేక పెట్టాను. మీ బావ వీధి చివర నుంచి పాలగిన్నెతో పరిగెత్తుకొచ్చారు, నాకేదో అయిందని. సంగతి తెలిశాక మెట్ల మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళీ ఒక్కసారి అరవవే," అన్నారు.

అరిచాను. మేక మాత్రం ఈసారి కదల్లేదు.

మీ అక్క