మామయ్యగారి పొలం మట్టిగడ్డ

ఆదివారం, కంకిపాడు

పెళ్లయి రెండేళ్లయినా మామయ్యగారు నన్ను ‘బురద ఇంజినీరు’ అనే అంటారు. గ్యాస్ బావులు తవ్వే రిగ్గు మీద నేను కలిపే బురదేంటో చూపిద్దామని ఇవాళ ఆయన పొలంలోవే ఎండిన మట్టిగడ్డలు రెండు తెచ్చాను. మామూలు నీళ్ల గ్లాసులో వేసింది ఉబ్బి విడిపోయింది. ఉప్పూ, గ్లైకాల్ అనే రసాయనమూ కలిపిన నీళ్లలోది గడ్డగానే నిలిచింది.

“బావి తవ్వేటప్పుడు గోడలు కూలకుండా ఇలాంటి నీళ్లతో కలిపిన బురదేనండీ కాసేది” అన్నాను.

ఆయన ఆ ఉప్పునీళ్ల గడ్డని బయటికి తీసి వేళ్లతో నొక్కి చూశారు. “మరి ఇందులో వరి మొలుస్తుందా?”

“తెలీదండీ.” ఇన్నేళ్లలో ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. సిగ్గేసింది.

ఆయన గడ్డని కొబ్బరిచిప్పలో పెట్టి, నాలుగు వడ్లగింజలు గుచ్చారు.

“మళ్లీ డ్యూటీ దిగి వచ్చేసరికి చెప్తాలే, అల్లుడూ.”

అల్లుడూ అన్నారు!

ఆ ఉప్పుకి మొలవవేమో... ఒక్కటైనా మొలవాలి దేవుడా.